జపాన్ నుంచి ఇంటికి ఏం తేవాలి? డబ్బా వెనక్కి తిప్పండి, కెటిల్ మూత తీయండి

నమస్తే అండీ అందరికీ. జపాన్ వెళ్లినవాళ్లు చివరి రోజు ఎయిర్‌పోర్ట్‌లో కంగారుగా నాలుగు చాక్లెట్ డబ్బాలు పట్టుకొచ్చేస్తారు చూశారా, అది మాన్పించడానికే ఈ వీడియో. అక్కడ ఏ ప్రాంతానికి వెళ్లినా వాళ్లదంటూ ఒక మిఠాయో, ఒక చేతిపనో ఉంటుంది. రైల్వే స్టేషన్‌లోనే అమ్ముతారు, ఆఫీసులో పంచిపెట్టడానికి వీలుగా ఒక్కో ముక్కా విడిగా చుట్టి ఉంటుంది. ఒమియాగె అంటారు దీన్ని. ఏ ఊరు వెళ్తే ఆ ఊరిదే కొనండి, చాలావరకు అక్కడే పని అయిపోతుంది.

ముందు తిండి. ఇదిగో, ఇది క్యోటో యాత్సుహాషి. మెత్తటి పొరని త్రికోణంలా మడిచి లోపల అజుకి అనే చిన్న ఎర్ర గింజల తీపి ముద్ద పెట్టారు కదా, ఇది నామా యాత్సుహాషి. బియ్యప్పిండి, పంచదార, దాల్చినచెక్క, అంతే. చాలా బాగుంటుంది, కానీ వారం పది రోజులే ఆగుతుంది. మీరు హైదరాబాద్‌లో దిగి, జెట్‌లాగ్ తీరి, గుంటూరు వెళ్లి అందరికీ పంచేసరికి తేదీ దాటిపోతుంది. అలాంటప్పుడు కాల్చిన యాత్సుహాషి తీసుకోండి. గట్టిగా కరకరలాడుతుంది, నెలల తరబడి ఉంటుంది.

ఇప్పుడు డబ్బా వెనక్కి తిప్పండి. స్క్రీన్ మీద చూపిస్తున్న ఈ నాలుగు అక్షరాలు షోమి కిగెన్, ఎప్పటిలోగా తినాలో చెప్పేది. సంవత్సరం ముందు వేస్తారు. 26.03.05 అని ఉంటే 2026 మార్చి 5 అన్నమాట, 26వ తేదీ కాదు. ఫోన్ కెమెరాతో ట్రాన్స్‌లేట్ చేసి పదార్థాలు కూడా ఒకసారి చదవండి, ఎందుకంటే ఇంట్లో గుడ్డు కూడా ముట్టని అమ్మమ్మో అత్తగారో ఉంటే అసలు తలనొప్పి ఇక్కడే. నాగసాకి కాస్తెలా పోర్చుగీసువాళ్ల దగ్గర నేర్చుకున్న కేకు, అందులో గుడ్డు లేకపోతే ఏమీ లేదు. హిరోషిమా మొమిజి మంజు మేపుల్ ఆకు ఆకారంలో ముద్దుగా ఉంటుంది, దాని పిండిలోనూ గుడ్డే. బియ్యంతో చేసే సెంబె అయితే నిశ్చింత అనుకుంటాం గానీ కొన్నిటిలో రొయ్యలు, ఎండుచేప రసం కలుస్తాయి. ఫుకుఓకా మెంతాయికో సంగతి సరేసరి, చేప గుడ్లు, పైగా ఫ్రిజ్‌లోనే ఉండాలి.

నా ఓటు యోకాన్‌కి. అజుకి, పంచదార, కాంటెన్ కలిపి గట్టిపరిచిన ముక్క. కాంటెన్ సముద్రపు నాచు నుంచి తీస్తారు, జంతువుల నుంచి వచ్చే జెలటిన్ కాదు. ప్యాక్ విప్పనంతవరకు ఫ్రిజ్ అక్కర్లేదు, నెలలు ఉంటుంది. తీపి మాత్రం గట్టిగానే ఉంటుంది, పల్చగా కోసి పెట్టండి.

ఇక చేతిపనులు. 1974లో వచ్చిన చట్టం కింద ప్రభుత్వం 240కి పైగా సంప్రదాయ వస్తువుల్ని గుర్తించింది. పద్ధతి కనీసం 100 ఏళ్ల నుంచి వస్తూ ఉండాలి, ముఖ్యమైన పనంతా చేత్తోనే జరగాలి. తనిఖీ పాసైనవాటికి ఎర్రటి గుండ్రం ఉన్న గుర్తు స్టిక్కర్ వేస్తారు, ఖరీదైనది కొనేటప్పుడు దాని కోసం చూడండి.

ఇదిగో, ఇవాతె ప్రాంతపు నాంబు తెక్కి, అంటే పోత ఇనుము సామాను, ఇది కెటిల్. బయట ఈ చిన్నచిన్న బొడిపెలు చూడండి, ఈ డిజైన్‌కి బాగా పేరు. షాపులో ఇలాంటివి రెండు పక్కపక్కనే పెడతారు, బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. మూత తీయండి. లోపల నల్లగా నున్నగా మెరుస్తూ, జల్లెడ కూడా ఉంటే అది క్యూసు, టీ కాచడానికి కాదు, ఆకు నానబెట్టి వంచుకోవడానికి. పొయ్యి మీద పెడితే లోపలి ఎనామిల్ పాడవుతుంది. లోపల గరుకుగా ఇనుము రంగులో ఉంటే తెత్సుబిన్, ఇది పొయ్యి ఎక్కుతుంది, కానీ నీళ్లు మాత్రమే కాయాలి. పాలు, పంచదార వేసి మన టీ మరిగించారో, అయిపోయింది! వాడాక వేడి మీదే నీళ్లన్నీ వంపేసి మూత తీసి ఉంచండి, ఆ వేడికే ఆరిపోతుంది. సబ్బు, పీచు వద్దు. లోపల ఎర్ర మచ్చలు వచ్చినా నీళ్లు తేటగా ఉంటే టెన్షన్ పడక్కర్లేదు. నీళ్లే ఎర్రబడితే గ్రీన్ టీ ఆకు వేసి కాసేపు మరిగించండి, అందులోని టానిన్ ఇనుముతో కలిసి నల్లటి పొర కడుతుంది.

ఇంత బరువు మోయలేం అంటారా? మియాగి జిల్లా నారుకో కొకేషి బొమ్మ తీసుకోండి. వేడినీటి బుగ్గలకి స్నానాలకి వచ్చేవాళ్లకి అమ్మడానికి చెక్కపనివాళ్లు మొదలుపెట్టిన బొమ్మ ఇది, పుట్టుకే ఒమియాగెగా. మన ఏటికొప్పాక బొమ్మల్లాగే తరిణె మీద తీస్తారు. తల తిప్పుతున్నా, వినండి... కీచుమంది కదా? తరిణె మీద తిరుగుతుండగానే తలని బిగించి ఎక్కిస్తారు, అందుకే ఈ చప్పుడు. కొనే ముందు తిప్పి చూడండి, అడుగున చేసినవాళ్ల సంతకం ఉందో లేదో కూడా.

అక్కచెల్లెళ్లకైతే హిరోషిమా దగ్గర కుమానో మేకప్ బ్రష్‌లు. వెంట్రుకల కొనలు కత్తిరించరు, అందుకే అంత మెత్తన. 2011లో ప్రపంచ కప్ గెలిచిన జపాన్ మహిళా ఫుట్‌బాల్ జట్టుకి ప్రభుత్వం ఇచ్చిన బహుమతి ఇవే. మేక, ఉడుత వెంట్రుకలతో చేసినవి ఉంటాయి, వద్దనుకునేవాళ్లు సింథటిక్ అడగండి.

టోక్యో దాటే టైమ్ లేకపోతే అక్కడే ఉన్న గింజా వైపు వెళ్లండి, ఇవాతె, హిరోషిమా లాంటి జిల్లాలు తమ ఊరి వస్తువులు అమ్మడానికి నడిపే యాంటెనా షాపులు అక్కడున్నాయి.

ప్యాకింగ్ ఒక్క నిమిషం. కత్తులకి పేరున్న సకాయ్ ఊరి వంటింటి కత్తి కొంటే చెక్‌ఇన్ బ్యాగ్‌లోనే, హ్యాండ్ లగేజీలో అస్సలు వద్దు. కెటిల్ మూత విడిగా చుట్టి, కెటిల్ లోపల సాక్సులు కుక్కి, పెట్టె మధ్యలో పెట్టండి. తూకం హోటల్‌లోనే చూసుకోండి.