అమ్మది ‘ఏ’, నాన్నది ‘బి’, బిడ్డది ‘ఓ’
(తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు చేసిన ప్రసంగం)

విద్యార్థులకు, అధ్యాపకులకు నమస్కారం.

ఇందాక కింద హాల్లో రక్తదాన శిబిరం చూశాను. గాజుపలక మీద ఒక అమ్మాయి వేలి నుంచి తీసిన రెండు చుక్కలు. ఒకదానిలో యాంటీ-ఏ, రెండోదానిలో యాంటీ-బి ద్రావణం కలిపి పుల్లతో తిప్పారు. మొదటి చుక్క విరిగిన పాలలా పలుకులు కట్టింది, రెండోది నున్నగా అలాగే ఉంది. ఆమెది ‘ఏ’ గ్రూపు.

ఆ పలక చెప్పనిది ఒకటుంది. ఆమెలో ‘ఓ’ కూడా ఉండవచ్చు.

రక్తం గ్రూపును నిర్ణయించే ఈ జన్యువు తొమ్మిదో క్రోమోజోము మీద ఉంటుంది. జన్యువు ఒకటే, దాని రాతలోనే తేడాలు: ప్రధానంగా ఏ, బి, ఓ. ఈ రూపాలనే యుగ్మవికల్పకాలు అంటాం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఏ, బి రూపాలు ఎర్రకణం మీద చెరో రకం చక్కెరను అతికించే ఎంజైములను తయారుచేస్తాయి. ‘ఓ’ రూపంలో సాధారణంగా ఒక్క అక్షరం ఊడిపోయి ఎంజైము పనిచేయదు. అందుకే ‘ఏ’ పక్కన అది కనిపించదు. వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండెల్ 1866లో ప్రచురించిన బఠాణీ లెక్కలోనూ ఇంతే. గుండ్రటి గింజల రకంతో సంకరం చేస్తే మొదటి తరంలో మాయమైన ముడత గింజలు రెండో తరంలో 7,324కు 1,850 తిరిగొచ్చాయి.

కొన్నేళ్ల కిందట ఒక తల్లి మూడు చీటీలతో నా దగ్గరకు వచ్చింది. తనది ఏ, భర్తది బి, బిడ్డది ఓ. అత్తవారింట గుసగుసలు మొదలయ్యాయట. ఇద్దరిలోనూ ‘ఓ’ దాగి ఉంటే పుట్టగల బిడ్డల గ్రూపులతో చీటీ వెనక నాలుగు గడులు గీశాను: ఏబి, ఏ, బి, ఓ. నాలుగో గడి మీద వేలు పెట్టి చాలాసేపు ఉండిపోయింది. తరువాత ఆ చీటీని కొంగున ముడివేసుకుంది. ఇంత చిన్న విషయం తెలియక ఆడపిల్లను నిందించడం ఘోరం.

దాగిన రూపం ‘ఓ’ అయితే నష్టం లేదు. రక్తహీనత తెచ్చే వంశపారంపర్య జబ్బు బీటా థలసీమియాదైతే? ఒక్కటే ఉన్న మనిషి మామూలుగానే తిరుగుతాడు. అలాంటి ఇద్దరు దంపతులైతే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం. మన వైపు మేనరికాలు ఎక్కువ. ఒకే పూర్వీకుల నుంచి వచ్చిన రూపం బిడ్డలో జంటగా చేరే అవకాశం, మేనమామ, మేనకోడలి పెళ్లిలో ఏ జన్యువుకైనా ఎనిమిదింట ఒకటి, బావామరదళ్ల పెళ్లిలో పదహారింట ఒకటి.

మీ ఇంట్లో జాతకాలు చూస్తున్న రోజునే, దాగిన బీటా థలసీమియాను పట్టిచ్చే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష మాట కూడా ఎత్తండి. ఆ పేరు రాసిన చీటీలు బల్ల మీద పెట్టాను, వెళ్లేటప్పుడు తీసుకోండి.