ఆ చిల్లు కావాలనే వదిలారు

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో ఉన్న ఆశా దీదీలకు నమస్కారం. పేర్లన్నీ చదివితే భోజనాలు చల్లారిపోతాయి, వదిలేస్తున్నాను. మే 12 నర్సుల రోజు కదా, "సేవ" గురించి మాట్లాడమన్నారు. నేను ఒక చిల్లు గురించి చెప్తాను.

మలద్వారం దగ్గర్లో పేగు క్యాన్సరు తీసి అతుకు వేశాక, అది మానేదాకా చిన్నపేగును పొట్ట మీదకు తెచ్చి సంచి తగిలిస్తారు. రెండు మూడు నెలలకో, కీమో ఉంటే ఇంకా ఆలస్యంగానో మళ్లీ లోపలికి పంపేస్తారు. మిగిలే గాయం ఇన్నాళ్లూ మలం పారిన చోటు! చర్మాన్ని గీతలా బిగించి కుట్టేస్తే చూడ్డానికి బాగుంటుంది, కానీ లోపల చేరిన నీటికి దారుండదు, చీము పట్టే భయం ఎక్కువ. అందుకే వక్కల తిత్తి మూతి తాడు లాగినట్టు చుట్టూ కుట్టి లాగి, నడుమ చిన్న చిల్లు వదులుతారు. పర్స్ స్ట్రింగ్ కుట్టు అంటారు. 1997లోనే వైద్య పత్రికలో వచ్చింది, తర్వాత రెండు పద్ధతులనూ పోల్చి చూసిన పరీక్షల్లో దీనికే చీము తక్కువని తేలింది. మానడానికి మాత్రం ఎక్కువ రోజులు పడుతుంది, కట్లు మార్చుతూ ఉండాలి. తర్వాత ఆ చోట పేగు ఉబ్బుకొచ్చే హెర్నియా సంగతి వేరు, అది లోపలి కండరం పొరను బట్టి ఉంటుంది, ఈ పైకుట్టుతో పెద్దగా మారదు.

అసలు నా కోపం ఇక్కడే. గుణుపురం వైపు నుంచి ఒకాయన, ఆపరేషన్ విశాఖలో అయింది. పర్లాకిమిడిలో రైలు దిగి నా దగ్గరికి కట్టు మార్పించుకోవడానికి వచ్చేవారు. మొదటిరోజే ఆయన భార్య నన్ను పక్కకు పిలిచి, "చెల్లీ, డాక్టరుగారు కుట్టడం మర్చిపోయారమ్మా" అంది. నేను నవ్వేశాను. నవ్వాను గానీ విడమరిచి చెప్పలేదు, అది నా తప్పే. నేను సెలవులో ఉన్న రెండ్రోజుల్లో ఊళ్లో ఎవరితోనో ఆ చిల్లు కుట్టించేశారు. నాలుగో రోజుకి జ్వరం, పొట్ట ఎర్రగా వాచిపోయింది. మా డాక్టరుగారు కుట్లు విప్పితే ఎంత చీమో, భోజనం ముందు చెప్పను.

డిశ్చార్జి చీటీలో ఏముందంటారా? ఇంగ్లీషులో ఒక్క ముక్క, రోజూ డ్రెస్సింగ్ చేయించుకోమని. అంతే! ఒడియా, తెలుగు, సవర కలగలిపి మాట్లాడే ఇళ్లకి ఆ ముక్కేం చెప్తుంది? దీదీలూ, మీరే చెప్పండి, ఇంట్లోకి వెళ్లగానే ముందు ఆ మాట అనండి: చిల్లు కావాలనే వదిలారు, కుట్టించకండి, బూడిద, పసుపు కూరకండి. జ్వరం వచ్చినా, చుట్టూ ఎర్రబారినా వెంటనే తీసుకురండి.

ఆయనకు మానింది లెండి, కాస్త ఆలస్యంగా. మచ్చ రూపాయి బిళ్లంత. మొన్న బజారులో కనబడి చొక్కా ఎత్తి చూపించబోతే, "నలుగురిలో ఏంటండీ" అని ఆవిడ చెయ్యి లాగేసింది.