ముందు సీసా, ఆ తర్వాతే వంటలు: అందలూసియా రాత్రి విందు

అందరికీ నమస్కారం.

స్పానిష్ విందు అనగానే పాయెయ్యా అనే బియ్యం వంటకం, పళ్లు వేసిన వైన్ పానీయం సాంగ్రియా, ఓ రియోహా రెడ్ వైన్ సీసా కలిపి బల్ల మీద పెట్టేయడం అలవాటైపోయింది. పాయెయ్యా తూర్పు తీరంలోని వలెన్సియాది. పైగా వాళ్లకది ఆదివారం మధ్యాహ్నం వంట, రాత్రి భోజనానికి అక్కడెవరూ సాధారణంగా దాని జోలికి పోరు. రియోహా ఉత్తరాన ఎబ్రో నది ఒడ్డుది. ఈ రెండింటికీ ఒకదానితో ఒకటి పనిలేదు. అందుకే ఈ సాయంత్రం ఒకే మూలకి పరిమితమవుదాం. దక్షిణాన అందలూసియా, అందులోనూ హెరెస్, సాన్‌లూకర్, ఎల్ పుఏర్తో అనే మూడు ఊళ్ల మధ్య తయారయ్యే షెర్రీ అనే వైన్. ముందు సీసా ఎంచుకుంటే వంటలు వాటంతటవే కుదురుతాయి.

ఎందుకంటే అక్కడి వంటలో వెనిగర్, పచ్చి వెల్లుల్లి, నూనెలో వేయించినవి ఎక్కువ. ఈ మూడూ మామూలు రెడ్ వైన్‌ని చంపేస్తాయి. షెర్రీలో ఫినో అనే రకం మాత్రం వీటికి లొంగదు. పలొమీనో ద్రాక్షతో చేసిన వైన్‌లో ఆల్కహాల్ 15 శాతం దాకా పెంచి, 600 లీటర్ల పీపాల్లో పైన కొంత ఖాళీ వదిలి పోస్తారు. ఆ ఖాళీలో వైన్ మీద మీగడలాగా ఈస్టు పొర కడుతుంది. దాన్ని ‘ఫ్లోర్’ అంటారు, అంటే పువ్వు. ఆ పొర గాలి తగలనివ్వదు, చక్కెరనీ గ్లిసరిన్‌నీ తినేస్తుంది. అందుకే ఫినో నాలుక మీద ఎండిన బాదంలా, ఉప్పుగాలిలా ఉంటుంది. ఆల్కహాల్ 17 శాతానికి పోతే పొర బతకదు. అప్పుడు గాలి తగిలి వైన్ ముదురు రంగు తిరుగుతుంది, అదే ఒలొరోసో. సాన్‌లూకర్‌లో పీపాల్లో ముదిరితే ఫినోనే మాన్సనీయా అంటారు. హెరెస్‌వాళ్ల మాట ఒకటుంది: ఈదేదానికి ఫినో, ఎగిరేదానికి అమొంతియాదో, పరుగెత్తేదానికి ఒలొరోసో. అమొంతియాదో అంటే మొదట పొర కింద, తర్వాత గాలి తగిలి ముదిరిన షెర్రీ.

ఎనిమిదిమందికి ఫినో రెండు సీసాలు, ఒలొరోసో ఒకటి సరిపోతాయి. ఇది మామూలు వైన్ కంటే ఘాటు, కాబట్టి గ్లాసుకి 75 మిల్లీలీటర్లు మించొద్దు. ఫినోని 7 నుంచి 9 డిగ్రీల మధ్య ఇవ్వాలి. బకెట్‌లో ఒట్టి ఐసు కాదు, సగం నీళ్లు, సగం ఐసు వేస్తే పావుగంటలో చల్లబడుతుంది. చిన్న చిన్న గ్లాసులు కొనకండి, వైట్ వైన్ గ్లాసే మేలు, వాసన తెలుస్తుంది. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు పాత సీసా. ఫినో దాచుకునే వైన్ కాదు. సీసాలో నింపిన ఏడాదిలోపు తాగెయ్యాలి.

మొదటి వంట సల్మొరేహో, కోర్దోబా ఊరిది. కిలో బాగా పండిన టమాటాలు, 200 గ్రాముల నిన్నటి బ్రెడ్, 120 మిల్లీలీటర్ల ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె, మొలక తీసేసిన ఒక చిన్న వెల్లుల్లి రేక, 10 గ్రాముల ఉప్పు. టమాటాలు మిక్సీ పట్టి వడకట్టి, ఆ రసంలో బ్రెడ్ పది నిమిషాలు నాననిచ్చి, వెల్లుల్లి, ఉప్పు వేసి మెత్తగా తిప్పాలి. మిక్సీ తిరుగుతుండగానే నూనె సన్నటి ధారగా పొయ్యాలి. అప్పటిదాకా ఎర్రగా ఉన్నది కళ్లముందే నారింజ రంగుకి తిరిగి, గరిటెజారుగా చిక్కబడుతుంది. అదే నూనె కలిసిందనడానికి గుర్తు. ఒక్కసారిగా పోస్తే పైకి తేలిపోతుంది. ఎక్కువసేపు తిప్పితే వేడెక్కి చేదొస్తుంది. బేకరీ మిల్క్ బ్రెడ్‌తో చేస్తే మాత్రం పాడైపోయినట్టే, అందులో చక్కెర ఉంటుంది. ఉప్పు, పిండి, ఈస్టు తప్ప ఇంకేమీ లేని బ్రెడ్ కావాలి. ఉదయమే చేసి ఫ్రిజ్‌లో పెట్టి, వడ్డించేటప్పుడు పైన ఉడికిన గుడ్డు తరిగి చల్లండి. ముందురోజే చేస్తే వెల్లుల్లి ఘాటెక్కుతుంది.

పాలకూర శనగలు సెవిల్లె వంట, ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో బాగా తింటారు. మాంసం లేదు కాబట్టి శాకాహారులకి ఇదే ముఖ్య వంటకం. 300 గ్రాముల కాబూలీ శనగలు రాత్రంతా నానబెట్టి ఉడికించాలి. రెండు బ్రెడ్ ముక్కలు, నాలుగు వెల్లుల్లి రేకలు ఆలివ్ నూనెలో వేయించి, చెంచా జీలకర్రతో రోట్లో నూరాలి. పొయ్యి మీంచి దించిన నూనెలోనే తీపి మిరపపొడి పిమెంతోన్ వేసి, వెంటనే చెంచా షెర్రీ వెనిగర్ పొయ్యాలి. ఆ వెంటనే అన్నది ముఖ్యం, పిమెంతోన్ క్షణాల్లో మాడి చేదెక్కుతుంది. అందులో 800 గ్రాముల పాలకూర, శనగలు, నూరిన ముద్ద వేసి పది నిమిషాలు మగ్గనివ్వండి. ముందురోజు చేసుకుంటేనే రుచి. దీనికి ఒలొరోసో.

ఇక కాదిస్ తీరపు అదోబో, అంటే వెనిగర్‌లో నానబెట్టి వేయించిన చేప. మన కోస్తాలో సొరపిట్టు తెలిసినవాళ్లకి ఈ చేప కొత్తది కాదు, అక్కడివాళ్లు కసోన్ అనేది ఓ జాతి సొరే. కానీ ఆ జాతి ఇప్పుడు అంతరించిపోయే ప్రమాదంలో ఉంది కాబట్టి ముల్లు లేని గట్టి కండ చేప ఏదైనా తీసుకోండి. 800 గ్రాములు, మూడు సెంటీమీటర్ల ముక్కలు. షెర్రీ వెనిగర్ 100 మిల్లీలీటర్లు, అంతే నీళ్లు, దంచిన వెల్లుల్లి నాలుగు రేకలు, జీలకర్ర, పిమెంతోన్ చెంచా చొప్పున, ఒరెగానో రెండు చెంచాలు, బిరియానీ ఆకు, ఉప్పు. ఫ్రిజ్‌లో ఆరు గంటలు. నీళ్లు కలపకపోతే వెనిగర్‌లో చేప పైన తెల్లగా గట్టిపడి లోపల పొడిపొడి అవుతుంది. కారం వేద్దామని చెయ్యి లాగుతుంది, వెయ్యొద్దు, ఫినో రుచి పోతుంది.

ముక్కలు గుడ్డ మీద ఆరబెట్టాలి. మైదాలో మూడో వంతు సన్న రవ్వ కలిపి దొర్లించి, జల్లెడలో వేసి గట్టిగా కుదపాలి. మిగులు పిండి దులపకపోతే నూనెలో రాలి మాడి, రెండో వాయి నల్లబడుతుంది. లీటరు నూనె 180 డిగ్రీలకి రావాలి. వాయికి ఎనిమిది ముక్కలు, రెండున్నర నిమిషాలు. ఇరవై ముక్కలు ఒకేసారి వేస్తే వేడి పడిపోయి పిండి నూనె పీలుస్తుంది. తీసి కాగితం మీద పోగు పెట్టకండి, ఆవిరికి మెత్తబడతాయి. తీగల జాలీ మీద పరచండి.

హామోన్ గురించి ఒక్క మాట, ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ అది. ఇబెరికో రకం కాళ్ల మీద 2014 నుంచి నాలుగు రంగుల చీటీలున్నాయి. నలుపు అంటే శుద్ధమైన ఇబెరికో జాతి పంది, చివరి నెలల్లో ఓక్ కాయలు తిన్నది. ఎనిమిదిమందికి 250 గ్రాములు. ఫ్రిజ్ నుంచి అరగంట ముందు తీసి, గోరువెచ్చని పళ్లెంలో పరిస్తే కొవ్వు మెరుస్తుంది.

పిలుపు తొమ్మిదింటికి పెట్టుకోండి, అక్కడి రాత్రి భోజనం వేళ అదే. వచ్చినవాళ్లకి హామోన్, ఫినో. కూర్చున్నాక సల్మొరేహో, తర్వాత చేప వేడివేడిగా, వాయి వాయికీ. శనగలు చివర్న. వైన్ తాగనివాళ్లకి సోడాలో షెర్రీ వెనిగర్ రెండు చుక్కలు, నారింజ తొక్క వేసిస్తే ఆ వేపుడుకి బాగా కుదురుతుంది. తీపికి వెనిలా ఐస్‌క్రీమ్ మీద పేద్రో హిమేనెస్ రెండు చెంచాలు, ఎండబెట్టిన ద్రాక్షతో చేసే నల్లటి తీపి షెర్రీ అది, ఇంకేం వండక్కర్లేదు.

మిగిలిన ఫినోకి మూత బిగించి, సీసా నిలువుగా ఫ్రిజ్‌లో పెట్టండి, వారంలోపు తాగెయ్యండి. ఆ తర్వాత వాసన పోతుంది, పారబోయకండి, మరోసారి రొయ్యలు వెల్లుల్లితో వేయించినప్పుడు అరగ్లాసు అందులో పొయ్యండి.