చినవాల్తేరు గేటు లోపల

అందరికీ నమస్కారం.

మన విశాఖలో ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే ‘వీణ్ని చినవాల్తేరులో పడేయాలి’ అని నవ్వేస్తాం, అంటే అక్కడున్న ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో. మానసిక వార్డుల్లో నర్సుగా చేసి రిటైరైనదాన్ని కాబట్టి ఆ నవ్వు నాకు అలవాటే. లోపల ఏం చేస్తారని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. అడిగినా రెండే: షాకులిస్తారా, గొలుసులేస్తారా? వాటికీ వస్తాను.

శ్రీకాకుళం వైపు నుంచో పాడేరు నుంచో రాత్రిపూట జీపులో ఓ కుర్రాణ్ని తెస్తారు. చేతులు తువ్వాలుతో కట్టుంటాయి. నిద్రపోయి మూడు రోజులు. గోడలోంచి ఎవరో పిలుస్తున్నారంటాడు. గాలి సోకిందని ఇంట్లోవాళ్లు అప్పటికే తాయెత్తు కట్టించి ఉంటారు. దాని జోలికి మేం పోం. ముందు చూసేది జ్వరం, బీపీ, షుగరు, తలకేమైనా దెబ్బ తగిలిందా అని. మతి తప్పినట్టు కనిపించే ప్రతిదీ మనసు జబ్బు కాదు. మలేరియా మెదడుకెక్కినా మనిషి అలాగే కలవరిస్తాడు. ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ల విషయంలో ఇది అసలు మరవకూడదు.

ఇంకో సంగతి. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు పుడుతుంది, లేనివి కనిపిస్తాయి. ప్రాణానికే ముప్పు. అలాంటివాళ్లకు థయమిన్, అంటే బి1 విటమిన్, ముందుగా ఇవ్వాలి. అదివ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. అందుకే ‘తాగుతాడా?’ అని సిస్టరు అడిగితే పరువుకు పోయి ‘అబ్బే, అలవాటే లేదండీ’ అనకండి. ఏ మందులు వాడాడో, ఎప్పుడు మానేశాడో, చచ్చిపోతానని ఎప్పుడైనా అన్నాడో అన్నీ చెప్పండి. చావు మాట వచ్చిన మనిషిని మేం కంటికి ఎదురుగా ఉన్న మంచం మీదే ఉంచుతాం. బెల్టు, చున్నీ, మొలతాడు తీసేస్తాం. అవమానించడానికి కాదమ్మా.

ఉద్రేకం తగ్గడానికి ఇచ్చే హాలోపెరిడాల్ ఇంజెక్షన్ చేశాక కొందరికి మెడ ఒక పక్కకు లాగేస్తుంది, నాలుక మెలితిరుగుతుంది. దయ్యం ఇంకా దిగలేదని ఇంట్లోవాళ్లు ఏడుస్తారు. అది మందు చేసే పనే. దానికి విరుగుడుగా ప్రోమెథజీన్ అనే మందు ఇస్తే కాసేపట్లో సర్దుకుంటుంది.

ఇక గొలుసులు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో, ఆసుపత్రి కూడా కాని ఓ ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకుంటే 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేకపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసును పూర్తిగా నిషేధించింది. ఒంటరి గదిలో బంధించడాన్ని కూడా. ప్రమాదం ముంచుకొచ్చి, ఇంకే దారీ లేక పట్టి ఉంచాల్సివస్తే సైకియాట్రిస్టు అనుమతి ఉండాలి, కారణం కేస్ షీటులో రాయాలి. శిక్షగా మాత్రం ఎప్పుడూ చేయకూడదు. షాకు, అంటే కరెంటుతో చేసే చికిత్స, కూడా మత్తు, కండరాలు సడలించే మందు ఇచ్చాకే. తిండీ నీళ్లూ మానేసి కొయ్యలా బిగుసుకుపోయినవాళ్లు ఆ చికిత్సతో లేచి అన్నం అడగడం చూశాను. సినిమాల్లో చూపించే షాకు వేరు, వార్డులోది వేరు.

తనంతట తానే వచ్చి చేరొచ్చు. మనిషి తన మంచిచెడ్డలు తెలుసుకోలేని స్థితిలో ఉంటే, అతని తరఫు ప్రతినిధి దరఖాస్తు మీద చేర్చుకుంటారు, మొదట 30 రోజుల దాకా. బలవంతంగా గుండు కొట్టకూడదు, కావాలంటే తన బట్టలే కట్టుకోవచ్చు. తల్లి చేరితే మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా ఆమె నుంచి వేరు చేయకూడదు.

నాకు కోపం తెప్పించేది వేరే ఉంది. నయమయ్యాక ఫోన్ చేస్తే ఎత్తనివాళ్లు. చేర్చేటప్పుడే తప్పు నంబరు రాయించి వెళ్లినవాళ్లు. ఇల్లు లేదనో, ఇంట్లోవాళ్లు వద్దన్నారనో ఎవర్నీ ఆసుపత్రిలో ఉంచేయకూడదని చట్టం అంటోంది. కానీ బస్సెక్కించాలంటే దిగే ఊరొకటి ఉండాలి కదా! తీసుకెళ్లినవాళ్లూ తగ్గిపోయిందని మందులు ఆపేస్తారు. డాక్టరు ఆపమనేదాకా ఆపకండి. అర్ధరాత్రి ఏం చేయాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి, అది మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్, వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

చీటీలు ఇటు పంపండి, ప్రశ్నలు చూద్దాం.