బోర్డు చూసి లెక్క రాయకండి
(విశాఖపట్నంలో తల్లిదండ్రులు, టీచర్ల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట బీచ్ వదిలేసి ద్వారకానగర్ దాకా వచ్చారు, సంతోషం. వెనక వరసలో కొందరు పిల్లలు కూడా కనిపిస్తున్నారు. బోర్ కొడితే లేచి వెళ్లిపోండి నాన్నా, ఎవరూ ఏమీ అనరు. ఈరోజు మాట్లాడేదే ఆ హక్కు గురించి.

పిల్లలే దారి చూపే చదువు పెరుగుతోందా? పెరుగుతోందనే అంటారు. 1921లో ఎ.ఎస్. నీల్ పెట్టిన సమ్మర్‌హిల్ అనే బడి ఇంగ్లండ్‌లో ఇంకా నడుస్తోంది. క్లాసుకు వెళ్లాలా వద్దా అన్నది అక్కడ పిల్లల ఇష్టం. 1968లో అమెరికాలో మొదలైన సడ్‌బరీ వ్యాలీ బడిలో ఏ టీచరు వచ్చే ఏడాది ఉండాలో పిల్లలు కూడా ఓటేస్తారు. (మన బడుల్లో ఆ ఓటింగ్ పెడితే ఎంతమందిమి మిగులుతామో!) ఇలాంటి బడుల అంతర్జాతీయ సదస్సు 2004లో భువనేశ్వర్‌లోనే జరిగింది. ఇక్కడ రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగే ఊరు.

చిక్కల్లా ఇలాంటి బడులు ఎన్ని ఉన్నాయన్న లెక్క దగ్గరే. ప్రభుత్వం బడుల వివరాలు సేకరించే యూడైస్‌లో గుర్తింపు, గదులు, మరుగుదొడ్లు, టీచర్లు అన్నీ ఉంటాయి. పిల్లల మాట ఎంత చెల్లుతుందో చెప్పే గడి మాత్రం ఉండదు. ఇంట్లోనే చదువుకునే పిల్లలు ఓపెన్ స్కూల్ పరీక్ష రాస్తారు. అదే హాల్లో పది తప్పినవాళ్లు, ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లు కూడా కూర్చుంటారు. మొత్తం అభ్యర్థుల సంఖ్య చూసి ఎవరెవరో ఏం చెబుతాం?

పోనీ బడుల ముందున్న బోర్డులు లెక్కపెడదామా? పిల్లలు తమ పని తామే ఎంచుకుని నేర్చుకునే పద్ధతి తెచ్చిన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఇప్పుడు మన ఎంవీపీ కాలనీలో కాసేపు నడిస్తే ఆ పేరున్న బోర్డు కనపడకుండా ఉండదు. లోపల మూడేళ్ల పిల్లాడి చేత ఏబీసీడీలు దిద్దిస్తుంటారు. అది కూడా జాబితాకెక్కితే ఉద్యమం పెరిగినట్టేనా? నా దృష్టిలో కాదు.

మరి ఏం చూడాలి? సమ్మర్‌హిల్ కేసు చూడండి. 1999లో తనిఖీకి వచ్చినవాళ్లు పిల్లలు క్లాసులకు సరిగా రావడం లేదని తప్పుపట్టారు. వ్యవహారం మూతపడేదాకా వచ్చింది. బడి ట్రిబ్యునల్‌కెక్కింది. 2000 మార్చిలో ప్రభుత్వం రాజీకి వచ్చినప్పుడు, ఒప్పుకోవాలా వద్దా అని లండన్ కోర్టు గదిలోనే పిల్లలు మీటింగ్ పెట్టారు. చర్చించారు, ఓటేసి ఒప్పుకున్నారు. ఇకపై తనిఖీల్లో పిల్లల అభిప్రాయం కూడా చూడాలన్నది ఆ ఒప్పందంలోని మాటే. నన్నడిగితే, ఈ ఉద్యమానికి అంతకన్నా మంచి కొలత లేదు.

కాబట్టి విశాఖలో మనం రాసుకునే లెక్కలో మొదటి ప్రశ్న ఫీజు గురించి కాదు, సిలబస్ గురించీ కాదు. ఈ నెలలో పిల్లలు "వద్దు" అన్నందుకు ఆగిపోయిన పని ఒక్కటైనా ఉందా? జవాబు పిల్లల్నే అడిగి రాయాలి. పెద్దల్ని అడిగితే అన్నీ బాగానే ఉన్నాయంటారు.

ఇంకోటి. కొత్తవి చేర్చడమే గానీ మూతపడినవి కొట్టేసే అలవాటు మన జాబితాలకు లేదు. ఆరో తరగతి రాగానే ఐఐటీ ఫౌండేషన్ టెన్షన్ మొదలై పిల్లల్ని తీసేస్తారు. బడి ఖాళీ అవుతుంది, జాబితాలో మాత్రం అలాగే ఉండిపోతుంది.

బయట బల్ల మీద నోట్‌బుక్ పెట్టాం. మీకు తెలిసిన బడులు, ఇంటి చదువుల బృందాలు రాయండి. మూతపడినవాటికి ఎడమ పేజీ వదిలాం. ఎందుకు మూతపడిందో కూడా రాయండి. పెన్ను ముందు పిల్లలకివ్వండి.