న్యూ ఫోల్డర్ (7)లో ఏముంది?

[స్క్రీన్‌పై: ఇంటి కంప్యూటర్, డి డ్రైవ్ తెరిచి ఉంది]

నమస్తే అండి. ఈ డి డ్రైవ్ ఒకసారి చూడండి. "న్యూ ఫోల్డర్", "న్యూ ఫోల్డర్ (7)", "అమ్మ ఫోన్", "అమ్మ ఫోన్ పాతది", "ఫైనల్ ఫొటోస్". మీ ఇంట్లోనూ ఇంచుమించు ఇదే వరస కదా? ఖైరతాబాద్ వినాయకుడి దగ్గర పిల్లలు దిగిన ఫొటో కావాలంటే ఇందులో ఏది తెరవాలి? అసలు అది ఏ ఏడాది వినాయకుడు?

ఏదో యాప్ వేసుకుంటే అన్నీ అదే సర్దిపెడుతుందని చాలామంది అనుకుంటారు. యాప్ సంగతి తర్వాత. ముందు ఫొటో లోపల ఏముందో చూద్దాం.

[స్క్రీన్‌పై: ఒక ఫొటోపై రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్]

ఫోన్‌తో తీసినా, కెమెరాతో తీసినా, తీసిన తేదీ, సమయం, కెమెరా మోడల్ ఆ ఫైల్‌లోనే ఉంటాయి. లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు కూడా. దీన్నే ఎక్సిఫ్ అంటారు. ఇదిగో, "డేట్ టేకెన్". మనం మామూలుగా చూసేది దీన్ని కాదు, "డేట్ మాడిఫైడ్"ని. ఫొటోని కాస్త కత్తిరించి సేవ్ చేసినా అది మారిపోతుంది. అందుకే ఫోల్డర్‌ను డీటెయిల్స్ వ్యూలో పెట్టి, కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి "డేట్ టేకెన్" తెచ్చుకోండి. దాని మీద నొక్కితే ఫొటోలు తీసిన వరసలోకి వస్తాయి.

పేచీ అంతా వాట్సాప్ ఫొటోలతోనే. మామూలుగా పంపిన ఫొటోలో ఈ వివరాలు ఉండవు, సైజు కూడా తగ్గిపోతుంది. ఆండ్రాయిడ్‌లో ఫైల్ పేరులో 20240907 అని కనిపిస్తుంది చూడండి, అది ఫొటో ఫోన్‌లోకి వచ్చిన తేదీ. బాబాయ్ తన పెళ్లి ఫొటో నిన్న గ్రూపులో పెట్టాడంటే, కంప్యూటర్ లెక్కలో ఆ పెళ్లి నిన్ననే అయింది! ఇకమీదట ముఖ్యమైనవి "డాక్యుమెంట్"గా పంపమనండి, ఫైల్ ఉన్నదున్నట్టు వస్తుంది. ఇప్పటికే వచ్చిన వాటికి డీటెయిల్స్‌లో "డేట్ టేకెన్" మీరే నింపొచ్చు.

[స్క్రీన్‌పై: "2024-09-07 ఖైరతాబాద్ వినాయకుడు"]

ఇక ఫోల్డర్ పేర్లు. సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు, ఆపైన సందర్భం. మనకు రోజుతో మొదలుపెట్టడం అలవాటు. కానీ అలా రాస్తే జనవరి 1న వెళ్లిన నుమాయిష్‌లు అన్ని ఏళ్లవీ ఒకచోట చేరతాయి, సంక్రాంతేమో పన్నెండు నెలల ఒకటో తేదీలూ దాటాక ఎక్కడో కింద తేలుతుంది. పేరు తెలుగులో రాసుకోండి, విండోస్‌కి ఏ ఇబ్బందీ లేదు. రోజువారీ ఫొటోలకు నెలకో ఫోల్డర్ చాలు. మరీ ముక్కలు చేస్తే రెండో వారానికే విసుగొస్తుంది.

ఇప్పుడు ఫొటోలు చూసే, సర్దే సాఫ్ట్‌వేర్. పికాసా గుర్తుందా? గూగుల్ 2004లో కొన్నది, 2016లో ఆపేసింది. అందులో కూర్చిన ఆల్బమ్‌లు ఆ ప్రోగ్రామ్‌లోని జాబితాలే, డిస్క్ మీద ఫోల్డర్లు కావు. ఫొటోలు ఎక్కడివక్కడే ఉన్నాయి, కూర్చిన శ్రమే చిక్కుల్లో పడింది. అందుకే నేను ఫోల్డర్ పేరు మీద ఇంతగా పట్టుబడుతున్నది.

నా ఓటు డిజికామ్‌కి. ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. ముఖాలు గుర్తుపట్టే పని కూడా మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది, ఫొటోలు బయటికి పోవు. పాత కెమెరాలో గడియారం తప్పుగా ఉంటే, వందల ఫొటోల తేదీని ఒకేసారి సరిచేయొచ్చు. సెట్టింగ్స్‌లోని మెటాడేటా (ఫొటో వివరాల) భాగంలో, మీరు పెట్టే ట్యాగులు, అంటే పేరు, సందర్భం లాంటి గుర్తులు, ఫైల్‌లోనే రాయమని టిక్ పెట్టండి. రేపు ప్రోగ్రామ్ మారినా అవి ఫొటోతోనే ఉంటాయి. మొదట్లో మెనూలు చూసి కొంచెం కంగారు పుడుతుంది, నిజమే. ఊరికే చకచకా చూడటానికైతే ఇర్ఫాన్‌వ్యూ చాలు. 1996 నుంచీ ఉంది, పాత కంప్యూటర్‌లోనూ పరిగెడుతుంది.

ఐఫోన్ ఫొటోలు తెరుచుకోకపోతే టెన్షన్ వద్దు. ఫోన్ సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లో "మోస్ట్ కంపాటిబుల్" పెడితే ఇకమీదట తీసేవి జేపీజీలో, అంటే మామూలు కంప్యూటర్లన్నీ తెరిచే రూపంలో వస్తాయి.

[స్క్రీన్‌పై: ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కనెక్ట్ చేస్తున్నారు]

చివరగా, రెండో కాపీ. గూగుల్ ఫొటోస్‌లో హద్దులేని ఉచిత స్టోరేజ్ 2021 జూన్ 1తో అయిపోయింది. ఇప్పుడు జీమెయిల్, డ్రైవ్ అన్నీ కలిపి ఉచితంగా వచ్చేది 15 జీబీ. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తెచ్చుకోండి, కాపీ అయ్యాక కూకట్‌పల్లిలోని అక్క ఇంట్లోనో, వేరే ఎవరింట్లోనో ఉంచండి. ఒకే బీరువాలో కంప్యూటర్, బ్యాకప్ రెండూ పెడితే దొంగకి పని తగ్గించినట్టే.

ఎక్కించేటప్పుడు "కట్" జోలికి పోకండి, "కాపీ" మాత్రమే. అయ్యాక రెండు ఫోల్డర్ల ప్రాపర్టీస్ పక్కపక్కన తెరిచి, ఫైళ్ల సంఖ్య, సైజు సరిపోయాయో లేదో చూడండి. అక్కడక్కడా కొన్ని ఫొటోలు, ముఖ్యంగా వీడియోలు తెరిచి చూడండి. ఆ తర్వాతే ఫోన్‌లో డిలీట్ నొక్కండి.