మొదటి కుండీలో తోటకూరే వేయండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది మిద్దె మీదికి వచ్చారంటే కూరగాయలు పెంచాలన్న కోరిక గట్టిగానే ఉందన్నమాట, అందుకే నేరుగా విషయంలోకి వెళ్దాం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా ముందు అడిగేది టమాటా నారు ఎక్కడ దొరుకుతుందని. టమాటా ఇప్పుడు వద్దండీ, తోటకూర వేయండి అని చెప్తుంటాను, చాలామంది మొహాలు చిన్నబుచ్చుకుంటారు కూడా. కానీ లెక్క చూడండి. తోటకూర గింజ చల్లిన నాలుగైదు రోజులకి మొలుస్తుంది, 25–30 రోజులకి కోతకొస్తుంది, ఆరంగుళాల లోతున్న ఏ డబ్బా అయినా దానికి సరిపోతుంది, రోజుకి నాలుగు గంటల ఎండ తగిలినా పెరుగుతుంది. టమాటాకి కనీసం అడుగు లోతు మట్టి, ఆరు గంటల ఎండ కావాలి, నారు నాటాక కాయ పండటానికి రెండు నెలల పైనే పడుతుంది, ఈలోపు పేనుబంక, తెల్లదోమ, ఆకుముడత అన్నీ ఒక్కొక్కటిగా వస్తాయి. పైగా పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది, మన హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో 40 దాటడం మామూలే. ఇన్ని కష్టాలు మొదటి రెండు నెలల్లోనే మీద పడితే ఎవరికైనా విసుగొస్తుంది, కుండీలు అటకెక్కుతాయి. అదే నెల తిరక్కుండా మీరు పెంచిన ఆకు పప్పులో పడిందనుకోండి, ఇంట్లోవాళ్లే ఇంకో కుండీ ఎప్పుడు పెడతావని అడుగుతారు.

ఇక అసలు విషయం మట్టి. నేలలో ఉన్న మొక్క వేరు తనకి కావలసింది వెతుక్కుంటూ ఎంత దూరమైనా పోతుంది. కుండీలో ఆ అవకాశం లేదు, మీరు నింపిన నాలుగు పిడికిళ్ల మట్టే దాని లోకం, అందుకే నర్సరీలో ఖరీదైన మొక్కల మీద పెట్టే డబ్బు మట్టి మీద పెట్టమంటాను. పక్కన ఇల్లు కడుతుంటే తవ్విపోసిన ఎర్రమట్టి తెచ్చి నింపేస్తారు చాలామంది. నాలుగుసార్లు నీళ్లు పోసేసరికి అది గట్టిపడిపోతుంది, పైన పోసిన నీళ్లు అంచుల వెంట జారి కిందికి పోతాయి, మధ్యలో వేళ్లు ఎండిపోయే ఉంటాయి, మనమేమో రోజూ నీళ్లు పోస్తున్నాం కదా, మొక్క ఎందుకు వాడిపోతోంది అనుకుంటాం.

అందుకే ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు), ఒక వంతు కోకోపీట్, అంటే కొబ్బరిపీచు పొట్టు, బకెట్‌కి ఒక గుప్పెడు వేపపిండి. ఎరువు మాగిందో లేదో ముక్కుకే తెలుస్తుంది: పేడ వాసన వస్తే ఇంకా ఆగాలి, వాన పడ్డ మట్టి వాసన వస్తే వాడొచ్చు. పచ్చి పేడ వేస్తే వేడికి వేళ్లు మాడతాయి, పేడపురుగు కూడా చేరుతుంది. కోకోపీట్ ఇటుకలుగా దొరుకుతుంది, 5 కిలోల ఇటుక నానితే 60–70 లీటర్ల దాకా ఉబ్బుతుంది, అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండుసార్లు నానబెట్టి, గట్టిగా పిండేసి, ఆ నీళ్లు పారబోయండి. అంతా కలిపాక గుప్పెట్లోకి తీసుకుని గట్టిగా నొక్కండి. చెయ్యి తెరిస్తే ముద్దగా నిలవాలి, బొటనవేలితో పొడిస్తే పొడిపొడిగా రాలిపోవాలి. రాలకపోతే మట్టి ఎక్కువైంది, ముద్దే కట్టకపోతే తడి చాలలేదు.

కుండీలంటారా, కొనక్కర్లేదు. కడిగిన పెయింట్ బకెట్లు, ద్రాక్షపండ్లు వచ్చే థర్మాకోల్ పెట్టెలు, సిమెంట్ బస్తాలు, ఏవైనా సరే. అడుగున నాలుగైదు రంధ్రాలు మాత్రం ఉండి తీరాలి, వాటి మీద కుండపెంకు ముక్క బోర్లించండి. అడుగున కంకర వేస్తే నీళ్లు బాగా దిగుతాయని ఒక నమ్మకం ఉంది, అది నిజం కాదు. మెత్తటి మట్టిలోని తడి పెద్ద సందులున్న కంకరలోకి తేలిగ్గా దిగదు, మట్టి పూర్తిగా నానేదాకా పైనే ఆగుతుంది, అంటే ఆ తడి వేళ్లకి ఇంకా దగ్గరకొచ్చినట్టు. బరువు కూడా చూసుకోవాలి. 20 లీటర్ల బకెట్ నిండా ఉత్త మట్టి నింపి తడిపితే 30 కిలోలు దాటుతుంది, అందుకే కుండీలన్నీ స్లాబు మధ్యలో కాకుండా గోడల వెంట, దూలాల మీద వచ్చేలా పెట్టండి, కింద రెండేసి ఇటుకలు పెడితే స్లాబు మీద నీళ్లు నిలవవు.

నీళ్ల విషయంలో టైమ్‌టేబుల్ పెట్టుకోకండి. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి, తడి తగిలితే ఆ పూటకి వద్దు. వానాకాలంలో వారం రోజులు అసలు పోయక్కర్లేకపోవచ్చు, రోహిణి కార్తె ఎండల్లో రెండుపూటలా పోసినా చాలకపోవచ్చు, అప్పుడు మట్టి మీద ఎండాకులు కప్పి, పైన సగం ఎండని ఆపే 50 శాతం షేడ్‌నెట్ కట్టుకోవాలి.

తోటకూర గింజలు బాగా సన్నం, గుప్పెడు ఇసుకలో కలిపి చల్లి, పైన పల్చగా మట్టి జల్లండి, మగ్గుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి కాబట్టి చేత్తో చిలకరించండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్కా సుగుణ లాంటి రకమైతే వేళ్లతో సహా పీకకుండా, మొదలు దగ్గర కొంచెం కాడ వదిలి కోస్తే మళ్లీ చిగురేస్తుంది. రెండు మూడు కోతలు తీసుకున్నాక పాలకూర, గోంగూర, తర్వాత మిరప, వంగ, ఇలా వెళ్లండి. పురుగు కోసం వారానికోసారి ఆకు తిరగేసి కింది వైపు చూడాలి, కనిపిస్తే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నూనె నీళ్లలో కలవడానికి నాలుగు చుక్కల సబ్బునీళ్లు, అదీ ఎండ తగ్గాక సాయంత్రం పూటే కొట్టాలి.

ఇందాక వెనక వరసలోంచి ఒకమ్మ అడిగారు, బీరపాదు బోలెడు పూస్తోంది, పిందె మాత్రం పండిపోయి రాలిపోతోందని. మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకి చేర్చే తేనెటీగలు అయిదో అంతస్తు మిద్దె మీదికి సరిగ్గా రావమ్మా, ఆ పని మీరే చెయ్యాలి. మగపూలు గుత్తిగా వస్తాయి, ఆడపువ్వు కింద అగ్గిపుల్లంత బీరపిందె కనిపిస్తూనే ఉంటుంది. బీరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి, సొరపూలూ అంతే, కాకరైతే పొద్దున్నే. చాలామంది పొద్దున కాఫీ కప్పుతో వెళ్లి చూస్తారు, అప్పటికి బీరపువ్వు వాలిపోయి ఉంటుంది. దీపాలు పెట్టే వేళకి వెళ్లి మగపువ్వు తుంచి, రేకులు వెనక్కి మడిచి, ఆ పసుపు పొడి ఆడపువ్వు మధ్యలో మెత్తగా రాయండి. రెండు మూడు రోజుల్లో పిందె పచ్చగా సాగడం మొదలైతే అది నిలిచినట్టే.

మృగశిర కార్తె వస్తోంది కాబట్టి తీగ కూరలకి ఇదే మంచి అదను, కానీ వాటికి 20 లీటర్లకి తగ్గని తొట్టి, గట్టి పందిరి కావాలి. మొదటిసారి వాళ్లు మాత్రం ఆకుకూరలతోనే ఆగండి. అదిగో, మట్టి, ఎరువు, కోకోపీట్ కుప్పలుగా పోసి ఉన్నాయి. చేతులు మట్టి చేసుకోవడానికి అభ్యంతరం లేనివాళ్లు ముందుకి రండి, ఒక్కొక్కరు ఒక డబ్బా నింపి, గింజలు చల్లి ఇంటికి పట్టుకెళ్దురుగాని.